నాకు వినబడని గాలి

మొదట పోయింది కుక్కర్ విజిల్. పోయిందని కూడా నాకు తెలియలేదు. జగిత్యాలలో మా వంటింట్లో పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మా ఆయన ముందు గదిలోంచి వచ్చి స్టవ్ బంద్ చేశాడు.

"ఏందే, పప్పంత మాడవెడ్తవా? అది గంత మొత్తుకుంటున్నది గద!"

ఏదో ధ్యాసలో ఉన్నానని అనుకున్నాను. ఆయనా అదే అనుకున్నాడు. సంగీతం టీచర్‌ని కాబట్టి నా తలలో ఎప్పుడూ ఏదో ఒక రాగం తిరుగుతుంటుందని ఇంట్లో నన్ను ఆటపట్టిస్తుంటారు. ఉప్పు ఎక్కువైనా రాగమే కారణం, తాళంచెవి పోయినా రాగమే కారణం. ఆ వేళాకోళం చాటున నేను చాలాకాలం నిశ్చింతగా బతికాను.

వేణువు ఊదడం, నేర్పడం నా బతుకుదెరువు. జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సంగీతం చెబుతాను. ఆదివారాలు కోరుట్లలో ఒక బట్టల షాపు మీది గదిలో వేణువు క్లాసు నడుపుతాను. గుళ్లలో, పెళ్లిళ్లలో కచేరీలు చేశాను. చెవి పోతే ఇందులో ఏదీ మిగలదు. కుక్కర్ విజిల్ వినబడనప్పుడే ఆ భయం పుట్టాల్సింది. పుట్టలేదు. ఎందుకు పుట్టలేదో చెప్పాలంటే సిరిసిల్ల సంగతి చెప్పాలి.

మాది సిరిసిల్ల. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు సాంచల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. కార్ఖానా గోడకు ఆనుకునే మా ఇల్లు. ఒక్క సాంచ నడుస్తేనే పక్క మనిషి మాట వినబడదు, అక్కడ షెడ్డు నిండా సాంచలే. కొత్తగా చూసినవాళ్లు లోపలికి రాగానే చెవులు మూసుకుంటారు, తర్వాత గొంతు చించుకుని అరుస్తారు. మావాళ్లు అరవరు. గొంతు తీయకుండా మూతి కదిలిస్తారు, అంతే. అవతలి మనిషి చూసి అర్థం చేసుకుంటాడు. దారం తెగిందన్నా, షెడ్డు యజమాని ఆసామి వస్తున్నాడన్నా, చాయ్ తాగుదామన్నా, అంతా మూతి మాటే. అవ్వ దారం కండెలు చుడుతూ కార్ఖానాలో ఆ చివరి నుంచి బాపును తిట్టేది, ఈ చివర బాపు నవ్వేవాడు. మధ్యలో ఒక్క మాట చప్పుడు అయ్యేది కాదు.

మేం పిల్లలం అక్షరాల కంటే ముందు పెదవులు చదవడం నేర్చుకున్నాం. ఇంటికొచ్చాక కూడా గొంతు వాడడం మాకు గుర్తుండేది కాదు. "తిన్నవా" అని అవ్వ మూతితో అడిగితే "తిన్న" అని మూతితోనే చెప్పేవాళ్లం. ఎల్లారెడ్డిపేట నుంచి మా మేనత్త వచ్చినప్పుడల్లా "ఏందిరా, గీ ఇంట్ల అందరు అలిగిండ్రా?" అని అడిగేది.

వేణువు కూడా నాకు ఆ కార్ఖానాలోనే దొరికింది. కరెంటు పోయినప్పుడు సాంచలన్నీ ఒక్కసారిగా ఆగేవి. అప్పుడు ఖాళీ కండె గొట్టం బొర్రకు పెదవి ఆనించి ఊదేదాన్ని. సన్నగా కూత వచ్చేది. పనివాళ్లు నవ్వేవాళ్లు. బాపు మాత్రం తల ఊపి "మంచిగున్నది బిడ్డా" అనేవాడు. జాతరలో వేణువు కొనిచ్చింది ఆయనే. కరీంనగర్‌లో గురువు దగ్గరికి బస్సులో తీసుకుపోయి కూచోబెట్టిందీ ఆయనే.

గురువుగారు కోపిష్టి మనిషి. సరళీ స్వరాలు దాటనివ్వడానికే చాలాకాలం పట్టించారు. వేణువులో వేళ్లన్నీ సరైన చోట ఉన్నా, ఊపిరి సరిగ్గా రంధ్రంలోకి దిగకపోతే సగం గాలి బయటికి చెదిరిపోతుంది. స్వరంతోపాటు స్స్‌మని ఒక రొద వస్తుంది. ఆ రొద వినబడితే ఆయన చదువుతున్న పేపరు మడిచి మోకాలి మీద కొట్టేవారు. "గాలి!" అని ఒక్క మాట. మళ్లీ మొదటికి. నాకు ఆ మాటంటే ఎంత భయమో! బస్సు దిగి ఆయన ఇంటి గేటు దగ్గర ఆగి పెదవి సర్దుకుని చూసుకునేదాన్ని. కాని ఆ భయంతోనే నా నాదం శుభ్రమైంది. ఆయన పోయిన తర్వాత ఆ మాట నాతో అనేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు.

కోరుట్ల క్లాసుకు మేడిపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. జగిత్యాల నుంచి నేను ఎక్కిన బస్సే మేడిపల్లిలో ఆమె ఎక్కేది. వాళ్లమ్మ పసుపు చేలల్లో కూలికి పోతుంది. అమ్మాయి చర్చిలో పాటలకు వేణువు ఊదుతూ తనంతట తానే కొంత నేర్చుకుంది. మిగతాది నేర్పమని నా దగ్గరికి వచ్చింది. ఆ వేళ్లు ఎంత చక్కగా పడతాయంటే, చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి గుర్తుండేది కాదు. వాళ్ల ఊరి దగ్గర ఒక బడివాళ్లు, సంగీతం సర్టిఫికెట్ తెస్తే టీచర్‌గా తీసుకుంటామని మాట ఇచ్చారు. తేకపోతే ఆమె కూడా అమ్మ వెంట పసుపు తవ్వడానికే. ఈ మాట ఆమె ఏడుపు గొంతుతో చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

పరీక్షకు ముందు క్లాసుల్లో ఆమె ఒకసారి ఊదడం ఆపి అడిగింది.

"మేడం, గాలి ఎక్కువైతున్నదా? నాకు స్స్ అన్నట్టు ఇనబడ్తున్నది."

నేను ఆమె వేళ్లు చూశాను, పెదవి చూశాను. అంతా ఉండాల్సిన చోటే ఉంది. నాకు స్వరం స్వచ్ఛంగా, కడిగినట్టు వినబడింది.

"ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది. ఊకె అనుమానపడకు" అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు.

పరీక్ష కరీంనగర్‌లో జరిగింది. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. నేను వరండాలో కిటికీ ఊచల పక్కన నిలబడ్డాను. అమ్మాయి వీపు నా వైపు ఉంది, పరీక్షకుడి ముఖం నాకు ఎదురుగా ఉంది. ఆమె వర్ణం మొదలుపెట్టింది. నేను లోలోపల తాళం వేస్తున్నాను, ఎక్కడా తప్పలేదు. గర్వంగా కూడా ఉంది. ఆయన చేయి ఎత్తి ఆపారు. ఫ్యాను రొదలో ఆయన మాట వరండాలోకి రాలేదు. నాకు రావాల్సిన అవసరమూ లేదు. సిరిసిల్లలో పుట్టినదాన్ని, మూతి కనబడితే చాలు.

"వేళ్లు చాలా బాగున్నాయమ్మా. కాని ఈ గాలి ఏమిటి? స్వరం కంటే ముందు గాలే వినిపిస్తోంది. నేర్పినవాళ్లు చెప్పలేదా?"

ఊచ పట్టుకుని ముందుకు వంగాను. అమ్మాయి ఏదో జవాబు చెప్పింది. ఆమె వీపు మాత్రమే కనబడుతోంది కాబట్టి ఏమన్నదో నాకు తెలియలేదు. ఆయన తల అడ్డంగా ఊపి కాగితం మీద ఏదో రాశారు. ఆమె ఆ పరీక్ష తప్పింది. ఎండాకాలం పోయాక మళ్లీ రావచ్చన్నారు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. అడగకుండా ఉంటే బాగుండునని ఒక మనసు, అడగకపోతే ఈ రాత్రి గడవదని ఒక మనసు. చివరికి అడిగాను.

"నేర్పినోళ్లు చెప్పలేదా అని అడిగిండు గద సారు. నువ్వేమన్నవు?"

ఆమె నా వైపు తిరిగింది. "చెప్పిండ్రు సార్, నేనే ఇనలె అన్న మేడం."

నా కోసం ఆ పిల్ల తన మీద వేసుకుంది. పైగా ఎందుకలా చెప్పిందో నాకు వివరించలేదు, నన్ను తప్పు పట్టలేదు. జగిత్యాలలో నేను దిగుతుంటే "పోయొస్త మేడం" అని కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు మేడిపల్లి వైపు కదిలాక కూడా నేను అక్కడే నిలబడి లెక్కేసుకున్నాను. పరీక్షకుడు పొరబడి ఉండాలి, లేదా నాకు వినబడనిది లోకమంతటికీ వినబడుతూ ఉండాలి. ఈ రెండోదాని గురించి ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

తర్వాతి ఆదివారం మిగతా పిల్లల్ని తొందరగా పంపించేశాను. అమ్మాయిని ఉండమన్నాను. తలుపు దగ్గరికి వేసి, గోడ వైపు తిరిగి కూర్చుని కళ్లు మూసుకున్నాను.

"నువ్వు నా ఎనుక నిలవడి ఊదు. ఏమూదుతున్నవో చెప్పకు. నేను చెప్త."

ఆమె ఊదింది. మోహన. గుర్తుపట్టాను, గుండె కొంచెం కుదుటపడింది. కింది స్వరాలు బాగానే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ పలచబడ్డాయి, కాని వినబడ్డాయి. తర్వాత ఆగిపోయింది. నేను ఎదురుచూశాను. ఇంకా ఎదురుచూశాను. కింద షాపులో ఎవరో బట్టల బండిల్ నేల మీద పడేసిన చప్పుడు వచ్చింది.

"ఇంక షురూ చెయ్యవేంది?" అన్నాను.

వెనక్కి తిరిగాను. వేణువు ఆమె పెదవుల మీదే ఉంది. బుగ్గలు కదులుతున్నాయి. స్వరం పలకకుండా వట్టి గాలి మాత్రం గట్టిగా ఊదుతోంది. నేను చూడగానే ఆపేసింది. ముఖం పాలిపోయింది.

"ఊదుతనే ఉన్న మేడం" అంది.

జీవితంలో నేను అంతగా భయపడింది ఇంకెప్పుడూ లేదు. చీకటికో పాముకో భయపడితే పారిపోవచ్చు. ఇది నా తలలోనే ఉంది. నా వేణువు తీసి నేనే వట్టి గాలి ఊది చూసుకున్నాను. పెదవికి గాలి తగిలింది, చెవికి తగల్లేదు. అంటే నా నాదంలో కూడా ఎన్నాళ్లుగానో గాలి చెదురుతూ ఉండాలి. కచేరీల్లో చప్పట్లు కొట్టినవాళ్లంతా వినే ఉంటారు. ఆ ఆదివారం పంపించేసిన పిల్లలందరి ఊపిరీ నా ఊపిరిలాగే చెడిపోయి ఉంటుంది. వేళ్లు చూసి పాఠం దిద్దాను, పెదవులు చూసి మాట విన్నాను. రెండిటినీ చెవి పనే అనుకున్నాను. సాంచల ఇంట్లో పెరిగినవాళ్లం తప్ప ఇట్లా ఎవరు మోసపోతారు?

చెవి డాక్టరు దగ్గర ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను నొక్కుతూ పోయాను. అవతల మిషన్ దగ్గరున్న అమ్మాయి కాసేపటికి లేచి వచ్చింది. నా కుర్చీని గోడ వైపు తిప్పింది.

"మీరు నా చెయ్యి చూసి నొక్కుతున్నరు మేడం" అంది నవ్వుతూ.

నిజంగా నాకు తెలియకుండానే చేశాను. కుర్చీ తిప్పాక బటన్ మీద నా వేలు చాలాసేపు ఊరికే ఉండిపోయింది.

చిన్నప్పుడు పెద్ద చప్పుళ్ల మధ్య ఉన్నారా అని డాక్టరు అడిగారు. ఉన్నానన్నాను. సన్నటి, ఎత్తైన చప్పుళ్లు రెండు చెవుల్లోనూ పోయాయని, పోయింది తిరిగి రాదని చెప్పారు. చెవులకు మిషన్ పెట్టుకుంటే కొంత వినబడుతుందట. ఉన్నది నిలుస్తుందా అని అడిగాను. జాగ్రత్తగా ఉండమన్నారు. ఆయన ముఖం కూడా నేను చదవగలను కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఇంటికి పోకుండా సిరిసిల్ల బస్సెక్కాను. బాపు పని మానేసి చాలాకాలమైంది. అవ్వ లేదు. ఆయన చెవులు ఎప్పుడో పూర్తిగా పోయాయి. మంచం మీద కూర్చుని టీవీలో మూతులు చూస్తున్నాడు. ఎదురుగా కూర్చుని, గొంతు తీయకుండా, మూతితో చెప్పాను.

"బాపు, నాకు ఇనబడ్తలేదు."

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన టీవీ బంద్ చేశాడు.

"నాకు ఎర్కే బిడ్డా. నేను గోడ దిక్కు మర్రి పండుకొని పిలిస్తె నువ్వు నా ముంగటికి అస్తలెవ్వు. ముందుగాల అచ్చేదానివి."

"మరి ఎందుకు చెప్పలె?"

"బుగులైంది. చెప్తె నిజమైతదని బుగులైంది."

ఆయన భయం మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో. మనసులో ఇంకొకటి తొలుస్తోంది, అదీ అడిగేశాను.

"కరెంటు పోయినప్పుడు నేను కండె ఊదితె మంచిగున్నది అనేటోనివి. ఇనబడేదా?"

బాపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా మూతి కదిలించాడు.

"కరెంటు పోతె మీకు చప్పుడు బందయ్యేది. నాకు బంద్ కాకపోయేది బిడ్డా. చెవులల్ల సాంచ నడుస్తనే ఉండేది. నువ్వు ఊదుతుంటె నీ మొకం సంబురంగ ఉండేది. గదే చూసి అన్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ నడుస్తున్నది."

జగిత్యాల దాకా బస్సులో నేను నా చెవుల లోపలికే వింటూ కూర్చున్నాను. ఇంజను ఆగినప్పుడల్లా, డ్రైవరు చాయ్‌కి దిగినప్పుడల్లా, లోపల ఏమైనా నడుస్తుందా అని వెతికాను. ఏదో సన్నగా ఉన్నట్టే ఉంది. లేదని సర్ది చెప్పుకున్నాను. మళ్లీ ఉన్నట్టే ఉంది. ఈ వెతకడం ఇప్పటికీ మానలేకపోతున్నాను.

మిషన్ వచ్చింది. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని పెట్టుకున్నాను. బడిలో ఎవరైనా గమనిస్తే పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనని ఇంకో భయం. చెవిటి టీచర్ సంగీతం చెబుతుందని నవ్వితే నేను ఏం జవాబు చెప్పను? మిషన్‌తో కుక్కర్ మొత్తుకోవడం వినబడింది, ఉలిక్కిపడ్డాను. వట్టి గాలి మాత్రం సరిగ్గా వినబడలేదు. ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు. దాన్ని నమ్ముకుని ఒక పిల్లను పరీక్షకు పంపలేను.

క్లాసు మానేద్దామనుకున్నాను. నాకు ఇక చేతకాదు, వేరే గురువును చూసుకొమ్మని అమ్మాయికి చెప్పాను. కోరుట్ల చుట్టుపక్కల వేణువు నేర్పేవాళ్లు వేరే లేరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కరీంనగర్ పోయి నేర్చుకునే వీలు వాళ్లింట్లో లేదు.

"మీకు ఇనబడకపోతె నాకు ఇనబడ్తది గద మేడం" అంది.

నిజమే. ఆ పిల్ల చెవికి గాలి నాకంటే ముందే వినబడింది. నా మాట మీద గౌరవంతో తన చెవిని తప్పనుకుంది. కరీంనగర్‌లో పరాయి మనిషి ముందు కూడా నన్ను కాపాడింది. ఆ గౌరవం పోకపోతే ఆమె మళ్లీ తప్పుతుంది. గురువును తప్పు పట్టడం ఆమెకు చేతకాదు. ఒకరోజు నేను ఊదుతుంటే గాలి వస్తోందా అని అడిగాను. "మంచిగనే ఉన్నది మేడం" అంది. ఆమె కళ్లు కిందికి వాలాయి. కరెంటు పోయిన కార్ఖానాలో బాపు నాతో అన్నది కూడా ఇదే మాట.

మొన్న ఆదివారం మళ్లీ గోడ వైపు తిరిగాను. ఈసారి వేణువు నా చేతిలో ఉంది. మిషన్లు రెండూ తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

"నేను ఊదుత. గాలి అస్తె అచ్చిందని చెప్పు. నేను నీ మొకం చూడ. నువ్వు గొంతు తీసి చెప్పకపోతె నాకు తెల్వది. నాకు చెప్పలేనిదానివి నీకు నువ్వేం చెప్పుకుంటవు?"

ఊదాను. పై షడ్జం మీద నిలిచాను. నాకు స్వచ్ఛంగా, కడిగినట్టు వినబడింది. ఇప్పుడు ఆ స్వచ్ఛతే నన్ను భయపెడుతుంది. ఆపి ఎదురుచూశాను. వెనక నుంచి ఏ మాటా రాలేదు. ఆమె మాట్లాడలేదా, మాట్లాడినా నాకు వినబడలేదా? తిరిగి చూస్తే చాలు, పెదవులు చదివేయొచ్చు. మెడ దానంతటదే తిరగబోయింది. బలవంతంగా ఆపుకుని గోడ మీది సున్నం పెచ్చునే చూస్తూ కూర్చున్నాను. చెవిలో సన్నగా ఏదో నడుస్తోంది. అది కింద రోడ్డు మీది బస్సో, నా సాంచ మొదలైందో తేల్చుకోలేకపోయాను.

"గాలి!"

గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా అరిచింది. ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకేదో అంది, అది నాకు అందలేదు. బహుశా క్షమించమని కావచ్చు.

నేను వెనక్కి తిరగలేదు. పెదవి కొంచెం సర్దుకుని మళ్లీ మొదటి నుంచి ఊదాను.